దోసె ప్లేట్లు, ఊతప్పం ప్లేట్లు

మా ఇంటి పై వాటాలో అద్దెకుండే పిల్లకు పోయిన నెల నాచారంలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మైక్రోబయాలజీ లాబ్‌లో. స్వీట్ల డబ్బా పట్టుకుని కిందికి దిగి వచ్చి, "ఆంటీ, మీరు గూడ గదే పని జేసిన్రంట గదా, రోజంత ఏం జేయాలె?" అని అడిగింది. "ఖాళీ ప్లేట్లు సూడాలె" అన్నాను. జోకనుకుని నవ్వింది. నేను జోకేయలేదు. ఇరవై ఏళ్ళకు పైగా ఉప్పల్ నుంచి నాచారం పోయి, ఖాళీ ప్లేటును చూసి ఖాళీ అని రాసి ఇంటికొచ్చాను. జీతం ఇచ్చింది దానికే.

ప్లేటులో ఏదైనా మొలిస్తే భయపడాలని ఆ పిల్లకు మొదటి రోజే నేర్పుతారు. ఖాళీ ప్లేటును చూసి ఎప్పుడు భయపడాలో నాకెవరూ నేర్పలేదు. ఒక మంచి పనివాడి మీద నేనే మచ్చ వేసి, తర్వాత నేర్చుకున్నాను. ఆ పిల్లకు ఆ పూట స్వీటు తింటూ అంత కథ చెప్పలేక ఇదంతా రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి ఇందులో ఉండదు. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

మా పని

మా కంపెనీ ఇంజెక్షన్లు చేసేది. గాజు సీసాల్లో మందు నింపే గదిని మేము ఫిల్లింగ్ అనేవాళ్ళం. సీసాలు నిండే మిషన్ మీద, పైకప్పులోని ఫిల్టర్ల గుండా వడకట్టిన గాలి ఆగకుండా కిందికి దిగుతూ ఉంటుంది. దాని చుట్టూ పారదర్శకమైన ప్లాస్టిక్ తెరలు వేలాడుతుంటాయి. లోపలికి పోయే మనిషికి కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా బట్టలు తొడుగుతారు. ఇంత చేసినా గాలిలో క్రిములు ఉన్నాయా లేవా అన్నది చూడాలి కదా, ఆ చూడటమే మా లాబ్ పని.

దానికి సెటిల్ ప్లేటు అని ఒకటి ఉంటుంది. అరచేతిలో పట్టే గుండ్రటి పళ్ళెం. అందులో అగర్ అనే జెల్లీ పోస్తాం, అది క్రిములకు తిండి. మిషన్ పక్కన మూత తీసి నాలుగు గంటలు పెడతాం. గాలిలో ఏదైనా ఉంటే దాని మీద పడుతుంది. తర్వాత మూత వేసి, వెచ్చటి అల్మారాలో ఐదు రోజులు ఉంచితే, పడిన ఒక్కొక్క క్రిమి పెరిగి కంటికి కనిపించే చుక్క అవుతుంది. ఆ చుక్కలు లెక్కపెడతాం. ఫిల్లింగ్ మిషన్ దగ్గర చుక్క ఉండకూడదు. ఒక్కటి వచ్చినా ఆ రోజు మందు బయటికి పోదు.

జెల్లీని కరిగించి, వేడివేడిగా పళ్ళేల్లో పోయడం ఒక పనితనం. నా చెయ్యి దానికి పేరుపడ్డది. వేరేవాళ్ళు ఇరవై పళ్ళేలు పోసే ఫ్లాస్కుతో నేను ముప్పై పోసేదాన్ని. పలుచగా, సమంగా, అంచు నుంచి అంచుకు అద్దంలా. మా మొదటి బాసు చూసి, సుగుణమ్మ దోసె వేసినట్టు పోస్తుందని నలుగురిలో మెచ్చుకున్నాడు. ఇంకేం, నేను పొంగిపోయాను. తర్వాత లాబ్‌లోకి వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఆ దోసె చెయ్యే నేర్పాను. ఎవరి ప్లేటు పలుచగా వస్తుందో పందేలు కూడా వేసుకునేవాళ్ళం. ఎందుకు పలుచగా ఉండాలని మాలో ఒక్కరూ అడగలేదు.

సున్నా బోర్డు

మూర్తి గారు మా ప్లాంట్ పెద్ద. కాకినాడ వైపు మనిషి, మంచివారు. పండక్కి కంపెనీలో ప్రతి ఒక్కరి పేరు పెట్టి పలకరించేవారు. ఆయనకు ఒకే ఒక్క బలహీనత, సున్నా. గేటు దాటగానే క్యాంటీన్ గోడకు ఒక నల్లబోర్డు పెట్టించి, ఫిల్లింగ్‌లో సున్నా ఎన్నో రోజో రోజూ సుద్దతో రాయించేవారు. వంద రోజులైతే అందరికీ లడ్డూలు. ఆయుధపూజ నాడు మిషన్లకు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళం కదా, ఆ దండల్లో ఒకటి బోర్డుకు కూడా పడేది. నేనే వేసేదాన్ని.

నాకు అప్పుడు తోచలేదు గానీ ఇప్పుడు చెప్తున్నాను. సున్నాకు లడ్డూ పెట్టే చోట, సున్నాను అనుమానించే మనిషి పుట్టడు. మా లాబ్ వాళ్ళం లడ్డూలు తిన్నాం, ఇంటికి కూడా కట్టుకుపోయాం.

యాదగిరి

ఫిల్లింగ్ మిషన్ మీద పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆపరేటర్ యాదగిరి. కీసర దగ్గర పల్లె. పొలం పని చేసుకునే ఇంటి నుంచి వచ్చినవాడు. రోజూ బైకు మీద వచ్చేవాడు. ఫిల్లింగ్‌లో చెయ్యి వేగంగా ఊపకూడదు, గబగబా నడవకూడదు, గాలి చెదురుతుంది. ఆ నిదానం అతనికి ఒంటికి అంటుకుపోయింది. క్యాంటీన్‌లో చాయ్ కప్పు ఎత్తడం మొదలుపెడితే మేము తాగేసి లేచేదాకా అతని నోటికి చేరేది కాదు. ఏఎస్ రావు నగర్ మార్కెట్‌కు పొద్దున పంపితే కూరగాయలు రాత్రి వంటకు వస్తాయని వాళ్ళావిడ చెప్పిందని అతనే చెప్పి నవ్వించేవాడు.

మందు నింపుతుండగా మా లాబ్ వాళ్ళం లోపలికి పోము. ప్లేట్ల మూతలు తీయడం, నాలుగు గంటలకు మూసి కిటికీ గుండా మాకివ్వడం అంతా ఆపరేటర్ పనే. ప్లేటును యాదగిరి పట్టుకున్నంత పదిలంగా నేను కూడా పట్టుకోలేదేమో.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో మౌనిక అని కొత్త పిల్ల లాబ్‌లో చేరింది. చురుకైనది, కానీ ఫ్లాస్కు పట్టుకుంటే చెయ్యి వణికేది. మా లాబ్‌లో దోసె ప్లేట్లు పోసే మనిషి సెలవు పెట్టిన రోజు ప్లేట్లన్నీ తనే పోసింది. ఒక్కోటి ఇంత మందం. "ఇవి ప్లేట్లా, ఊతప్పాలా?" అన్నాను అందరి ముందూ. ఆ పేరు అప్పుడే స్థిరపడింది, పాపం ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. పారేయడం ఎందుకని, వాటి అడుగున పోసిన తేదీ రాసి వాడకానికి పంపేశాను.

పది నిమిషాల సంతకం

ఆ వారం మొదటి రోజు ప్లేట్లను ఐదు రోజులకు తీసి చూస్తే మిషన్ మూలన పెట్టినదాని మీద రెండు చుక్కలు ఉన్నాయి. మర్నాటి ప్లేటు మీద ఒకటి. ఆ మర్నాడు మళ్ళీ రెండు. మైక్రోస్కోపులో చూస్తే మనిషి చర్మం మీద బతికే రకం. గాలిలోంచి ఊడిపడలేదు, మనిషి నుంచే వచ్చింది. ఆ మూడు రోజులూ మిషన్ మీద ఉన్న మనిషి యాదగిరి, నాలుగో రోజు నుంచి షిఫ్టు వేరేవాళ్ళది.

మీటింగ్ పెట్టారు. కాగితం మీద "కారణం: ఆపరేటర్ శుభ్రత" అన్న మాట కింద సంతకం పెట్టింది నేనే. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. యాదగిరిని ఫిల్లింగ్ నుంచి తీసి ప్యాకింగ్ హాల్లో లేబుళ్ళు ఏరే పనికి వేశారు. మళ్ళీ ఎప్పటికైనా ఫిల్లింగ్‌లోకి రానివ్వాలా, అసలు వద్దా అన్నది నెల తర్వాత కమిటీ తేలుస్తుంది. ఆ మూడు రోజులూ నింపిన సీసాలన్నీ అప్పటిదాకా తాళం వేసిన గదిలో. క్యాంటీన్ బోర్డు మీద రోజుల అంకె చెరిపేసి, కింద ఒక ముక్క రాశారు. విచారణలో: ఆపరేటర్ యాదగిరి.

ఆ సాయంత్రం అతను లాబ్ గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ చాపి, "నా చేతులల్ల ఏం లేదు మేడం. మీరే సూడున్రి" అన్నాడు. వేళ్ళు జెల్లీ మీద అద్దించి చూడటం మాకు మామూలే, చూశాను. ఐదు రోజులకు కూడా ఏమీ రాలేదు. అయినా చేతులు శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఒళ్ళు శుభ్రమని కాదు కదా అని పుస్తకం చదివినట్టు చెప్పాను. పైగా అతని బదులు వచ్చిన ఆపరేటర్ ప్లేట్లన్నీ మళ్ళీ సున్నాలు. తప్పు ఎవరిదో తేలిపోయిందని అందరూ అనుకున్నారు, నాతో సహా.

రెండు వారాలకు ప్యాకింగ్ హాలు వైపు పోతే యాదగిరి లేబుళ్ళు ఏరుతూ కనిపించాడు. వేళ్ళు పగిలి ఉన్నాయి. ఇంట్లో గంటకోసారి సబ్బుతో తోముతున్నాడని పక్కనున్న ఆడవాళ్ళు చెప్పారు. అన్నం ముందు, అన్నం తర్వాత, పడుకునే ముందు. నాకు ఏడుపొచ్చింది. తప్పు అతనిది కాదని తెలిసి కాదు, ఆ చేతులు చూసి.

అత్తమ్మ చపాతీ పిండి

ఆ ఆదివారం మా ఇంట్లో చపాతీలు. పిండి కలిపి పళ్ళెంలో పెట్టి, ఉక్కకు తాళలేక ఫ్యాను వేసుకుని కూర్చున్నాను. అత్తమ్మ వచ్చి ముద్దను వేలితో నొక్కి, "ఫ్యాను కింద పెట్టినవేంది? పొర గట్టింది సూడు. జర తడి బట్ట కప్పాలె గదా" అంది. పైన తోలులాగా ఎండిన పొర, కింద మెత్తటి పిండి.

నేను ఆ ముద్దను చూస్తూ కూర్చుండిపోయాను. ఫ్యాను కింద అరగంటకే పిండి ఇట్లా అయితే, ఫిల్టర్ కింద నాలుగు గంటలు ఆ గాలి తగిలిన నా దోసె ప్లేటు ఏమవుతుంది? కిటికీ గుండా తిరిగొచ్చే ప్లేట్లలో జెల్లీ అంచులు పళ్ళెం వదిలి లోపలికి ముడుచుకోవడం ఎన్నోసార్లు చూశాను. ఎంత పలుచగా వచ్చిందో అని మురిసిపోయాను. ఎండిపోయిన దాని మీద పడిన క్రిమికి తినడానికి తడి ఎక్కడిది? పడుతుంది, ఎండుతుంది, చస్తుంది, మేము సున్నా అని రాస్తాం. ఆ రోజు చపాతీలు అత్తమ్మే చేసింది.

సోమవారం పోయి రిజిస్టర్ తీశాను. చుక్కలు వచ్చిన మూడు ప్లేట్ల అడుగునా ఒకటే తేదీ, మౌనిక పోసినది. ఆ మూడు రోజులూ షిఫ్టు యాదగిరిది, ప్లేట్లు ఊతప్పాలు. ఊతప్పాలు అయిపోయాక మళ్ళీ దోసెలు వచ్చాయి, మళ్ళీ సున్నాలు వచ్చాయి. మనిషిని చూశామే గానీ ప్లేటును ఎవరమూ చూడలేదు.

మౌనికను పిలిచి తలుపేశాను. మందలిస్తాననుకుని బిక్కమొహం వేసుకుని వచ్చింది. "నువ్వు పోసినట్టే మందంగ ఇంకిన్ని పొయ్యి బిడ్డా" అంటే నమ్మలేదు. దోసెలూ ఊతప్పాలూ పక్కపక్కన పెట్టి, లాబ్‌లోనే అదే వేగంతో గాలి తగిలేట్టు నాలుగు గంటలు ఉంచాం. ముందూ తర్వాతా తూకం వేశాం. తర్వాత వాటి మీద, గాలి తగలని ప్లేట్ల మీద, తెలిసిన క్రిములను కొద్దిగా, సమానంగా వేసి అల్మారాలో పెట్టాం. మూడు రోజులకు తీస్తే గాలి తగలనివి రెండు రకాలూ నిండుగా మొలిచాయి. గాలి తగిలిన ఊతప్పం దాదాపు వాటిలాగే ఉంది. గాలి తగిలిన దోసె మీద ఏదో ఒకటీ అరా. నా చేత్తో వేసిన క్రిములే నా ప్లేటు మీద మొలవలేదు.

తర్వాత మందం ప్లేట్లు ఫిల్లింగ్‌లో అన్ని షిఫ్టులకూ పంపించాం, యాదగిరి అప్పుడు ఏ షిఫ్టులోనూ లేడు. అదే మూలన ప్లేటు మీద చుక్కలు. మిషన్ ఆపి ఆ మూలకు పోయి చూస్తే, వేలాడే ప్లాస్టిక్ తెరల్లో ఒకటి ముడుచుకుని మూడు వేళ్ళంత పొట్టిగా అయిపోయింది. మనుషులు నిలబడే వైపు గాలి దాని కింద నుంచి లోపలికి వస్తోంది. ఎవరు నిలబడ్డా వాళ్ళ చర్మం మీదవే వస్తాయి. ఎప్పటి నుంచి అట్లా ఉందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎండిన ప్లేట్లు ఎవరి మీదా చాడీ చెప్పవు.

మూర్తి గారి గది

రెండు రకాల ప్లేట్లూ ట్రేలో పెట్టుకుని మూర్తి గారి గదికి పోయాను. మొత్తం చెప్పాను, పలుచగా పోయడం నేర్పింది నేనేనని కూడా. ఆయన ప్లేట్లను కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ మనం లడ్డూలు తిన్నది దేనికమ్మా?" అన్నారు.

"ప్లేట్లు ఎండినందుకు సార్" అన్నాను.

ఆయన ప్లేట్లను ట్రేలో పెట్టేశారు. పాత మందుల సంగతి ఏమిటని అడిగారు. ప్రతి మందుకూ వేరే పరీక్షలు జరిగాయని, అవి నెగ్గాయని, ప్రతి మందులోంచీ నమూనాకు కొన్ని సీసాలు దాచి ఉంచుతాం కాబట్టి వాటిని మళ్ళీ పరీక్షిద్దామని చెప్పాను. కానీ పాత సున్నాల్లో ఏది నిజమో, ఏది ఎండిందో నేను చెప్పలేనన్నాను. అది పైకి అనడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన మాట. ఆయన నా ముందే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, నా పేరు ఎత్తకుండా, మన ప్లాంట్‌లో తప్పు జరిగిందని తనే చెప్పారు. దాచిన సీసాల పరీక్షలు తర్వాత బాగానే వచ్చాయి. తాళంలో ఉన్నవి మాత్రం పారబోశాం. ప్లేట్లు మందంగా పోయాలని, రెండు గంటలకోసారి కొత్తవి పెట్టాలని, గాలి తగిలాక కూడా క్రిమిని మొలిపిస్తుందని తేలిన ప్లేటునే వాడాలని రూలు వచ్చింది. బాసుల్లో సున్నాను ప్రేమించేవాళ్ళు చాలామంది ఉంటారు, సున్నాను పోగొట్టుకున్న రోజు ఎట్లా ఉంటారో చూసి గౌరవించండి.

సుద్దముక్క

కమిటీ కూర్చోకముందే యాదగిరిని నా గదికి పిలిచాను. మౌనిక కూడా ఉంది. దోసెలు, ఊతప్పాల కథంతా చెప్పి, తప్పు నాదని, మళ్ళీ ఫిల్లింగ్‌కు రమ్మని అన్నాను. నిదానంగా అంతా విన్నాడు. "మంచిది మేడం" అన్నాడు. లేవలేదు.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే, పగిలిన వేళ్ళను చూసుకుంటూ అన్నాడు. "నా పేరు గేటు కాడ రాసిన్రు మేడం. మా ఊరోల్లు పది మంది దినాం గా బోర్డు జూసుకుంటనే లోపటికొస్తరు. మీరు గీ అర్రల తలుపేసి చెప్తె వాల్లకెట్ల ఎరుకయితది?"

ఒక్క క్షణం నాకు కోపం వచ్చింది. తప్పు ఒప్పుకున్నాను కదా, ఇంకా ఏమిటి అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది, ఎందుకంటే అతను అడిగింది న్యాయం. సొరుగులోంచి సుద్దముక్క తీసుకుని కిందికి దిగాను.

షిఫ్టు మారే వేళ. క్యాంటీన్ నిండా జనం. అతని పేరున్న ముక్క చెరిపి పెద్ద అక్షరాలతో రాశాను. యాదగిరి చేతుల్లో ఏ తప్పూ లేదు. తప్పు నేను పోయించిన ప్లేట్లది, నేను పెట్టిన సంతకానిది. సుగుణ, లాబ్. చాయ్ గ్లాసులు పట్టుకుని అందరూ చదివారు. యాదగిరి అందరికన్నా నిదానంగా, రెండుసార్లు చదివాడు.

"ఊతప్పం ముచ్చట రాయలేదేంది మేడం?" అన్నాడు.

క్యాంటీన్ గొల్లుమన్నది. మౌనిక పడీపడీ నవ్వింది. నేను సుద్ద మళ్ళీ అందుకుని కింద ఆ ముక్క కూడా రాశాను. నాలుగు రోజుల దాకా దాన్ని ఎవరూ చెరపలేదు.

వేళ్ళు మానేదాకా అతన్ని లోపలికి పంపలేదు. చర్మం పగిలితే నిజంగానే క్రిములు రాలతాయి మరి, అంత సబ్బు రుద్దించింది మేమే. పది రోజులకు కొత్త తెర కింద, మందం ప్లేట్లతో, యాదగిరి మళ్ళీ మిషన్ ముందు నిలబడ్డాడు. ప్లేట్లు కిటికీ గుండా నా చేతికే ఇచ్చాడు. ఐదు రోజులు నాకు అన్నం సయించలేదు. ఒక్క చుక్క వచ్చినా బోర్డు మీద నేను రాసిన మాట ఎవరూ నమ్మరు, అతన్ని కూడా నమ్మరు.

ఐదో రోజు పొద్దున ప్లేట్లు ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాను. మౌనికకు కూడా చూపించాను. తర్వాత వాటిని పట్టుకుని క్యాంటీన్‌కు పోయాను. యాదగిరి చాయ్ కప్పు సగం దాకా ఎత్తి ఉన్నాడు. నన్ను చూసి కప్పు దించాడు. ఎన్ని చుక్కలు వచ్చాయని అడగలేదు.

"ప్లేటు ఆరలే గదా మేడం?" అని అడిగాడు.

"ఆరలే యాదగిరన్నా" అన్నాను. ఆ తర్వాతే సున్నా అని చెప్పాను.